స్పేస్ స్టేషన్‌ను చేత్తో పట్టిన కెమెరాతో తీయడం: అపోహలు - వాస్తవాలు

కర్నూలు చుట్టుపక్కల పక్షుల ఫొటోలు తీసే చాలామంది దగ్గర ఇప్పుడు 150-600 ఎంఎం జూమ్ లెన్స్ కనిపిస్తోంది. రోళ్లపాడు గడ్డిమైదానంలో గద్దల వెంట తిప్పే ఆ లెన్స్‌తోనే, మిద్దె మీద పడుకుని, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని సోలార్ ప్యానెళ్లు విడివిడిగా తెలిసేలా తీయవచ్చని చెబితే సగంమంది నమ్మరు. మిగతా సగంమంది మరీ ఎక్కువ నమ్మేసి, "అన్నా, లోపలున్న మనుషులు కూడా పడతారా?" అంటారు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అక్కడికి వెళ్లినప్పటి నుంచి నాకు ఈ ప్రశ్నలు ఎక్కువయ్యాయి. తరచూ వినిపించేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: రాత్రి ఫొటో కదా, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి

మిగతా పొరపాట్లన్నీ ఈ ఒక్కదాని నుంచే పుడతాయి. చీకటి పడింది మనకు. నాలుగు వందల కిలోమీటర్లకు పైన తిరిగే స్టేషన్ మీద అప్పటికింకా ఎండ కాస్తూనే ఉంటుంది. మనకు కనబడే ఆ వెలుగంతా ప్యానెళ్ల మీద, తెల్లటి పైకప్పుల మీద పడి తిరిగొచ్చే ఎండే. అంటే మిట్టమధ్యాహ్నం ఎగిరే గద్దకు ఏ సెట్టింగులు పెడతారో దాదాపు అవే దీనికీ పనికొస్తాయి. నేను మొదలుపెట్టేది షట్టర్ సెకనులో 1600వ వంతు, లెన్స్ నోరు ఎఫ్/6.3, వెలుగును పట్టే చురుకుదనం ఐఎస్ఓ 800. తెల్లటి భాగాలు వివరం లేకుండా తెల్లబారిపోతుంటే ఐఎస్ఓ తగ్గిస్తాను. అన్నీ మాన్యువల్‌లోనే. ఆటోలో వదిలేస్తే కెమెరా ఫ్రేము నిండా ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి కంగారుపడి వెలుగు పెంచేస్తుంది, స్టేషన్ తెల్లటి ముద్దగా మిగులుతుంది.

ఇంకో సంగతి. స్టేషన్ సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు పోతుంది. సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు సెకనుకు ఒక డిగ్రీ, అంటే రెండు పున్నమి చంద్రుల వెడల్పు దాటేస్తుంది. కెమెరా కదలకుండా పెట్టి సెకనులో వెయ్యో వంతు తీసినా బొమ్మ రెండు మూడు పిక్సెళ్లు సాగిపోతుంది. ఎక్కువసేపు తెరిస్తే వచ్చేది గీత. గీత కావాలనుకుంటే వైడ్ లెన్స్, ట్రైపాడ్ పెట్టుకోండి, కొండారెడ్డి బురుజు మీదుగా గీత వస్తే అందంగానే ఉంటుంది. అది వేరే పని.

అపోహ: ట్రైపాడ్ లేకుండా కుదరదు

షట్టర్ అంత వేగంగా ఉన్నప్పుడు చేతి వణుకు ఎక్స్‌పోజర్‌ను పెద్దగా పాడుచేయదు. కష్టమంతా దాన్ని ఫ్రేములో ఉంచుకోవడంలోనే ఉంది. మామూలు ట్రైపాడ్ తల నడినెత్తి దగ్గరికొచ్చేసరికి మొరాయిస్తుంది. స్టేషన్ మనకు అన్ని చోట్లకంటే దగ్గరగా, పెద్దగా ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే చేయి మేలు అంటాను. నేను మిద్దె మీద నులక మంచం వేసుకుని వెల్లకిలా పడుకుంటాను. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కెమెరా వెనకభాగం నుదుటికి తగిలించి, రెండో కన్ను కూడా తెరిచే ఉంచుతాను. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) మీద 600 ఎంఎం చూపించే ఆకాశం అడ్డంగా రెండు డిగ్రీల పైచిలుకు మాత్రమే. ఒక కన్ను మూసుకుంటే వెతుకుతూనే నిమిషం గడిచిపోతుంది. ఫ్లాష్ పెట్టే చోట బిగించే చిన్న రెడ్ డాట్ సైట్ (ఎర్ర చుక్కతో గురి చూపే పరికరం) దొరికితే సగం టెన్షన్ పోతుంది.

జూమ్ వెనక్కి తీసి వెతికి, దొరికాక ముందుకు పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. మన జూమ్ లెన్సుల్లో చాలావాటికి జూమ్ మారితే ఫోకస్ కూడా కొద్దిగా జరుగుతుంది. మామూలు ఫొటోలో అది తెలియదు. ఫ్రేములో నలభై పిక్సెళ్లంతే ఉండే స్టేషన్ బొమ్మలో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మొదటి నుంచీ 600 దగ్గరే ఉండండి.

అపోహ: ఫోకస్ రింగును ఇన్ఫినిటీ గుర్తు దాకా తిప్పితే చాలు

ఆ గుర్తును నమ్మి పోయిన రాత్రులకు లెక్క లేదు, ఎవరిని అడిగినా చెబుతారు. రింగు ఇన్ఫినిటీ దాటి కూడా తిరుగుతుంది. మన ఎండలకు లెన్స్ వేడెక్కడం, చల్లారడం వల్ల సరైన చోటు రోజుకో రకంగా ఉంటుంది. ఆటోఫోకస్‌కు వదిలేస్తే చీకట్లో ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూనే ఉంటుంది.

చేయాల్సింది ఇది. ఏసీ గదిలో ఉన్న లెన్స్‌ను అరగంట ముందే మిద్దె మీద పెట్టండి. స్టేషన్ రావడానికి పది నిమిషాల ముందు చంద్రుణ్ణో, గురుగ్రహాన్నో, బాగా వెలిగే నక్షత్రాన్నో లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పది రెట్లు పెద్దది చేసి చూడండి. రింగును వెంట్రుకవాసి ముందుకు, వెనక్కు తిప్పుతూ చుక్క అన్నిటికంటే చిన్నదయ్యే చోటు పట్టుకోండి. గురుగ్రహమైతే ఇంకా మంచిది, పక్కనున్న చంద్రులు సూదిమొనల్లా విడివిడిగా కనబడితే ఫోకస్ కుదిరినట్టే. ఆటోఫోకస్ ఆపి, రింగు మీద టేపు వేసేయండి. తర్వాత దాని జోలికి పోవద్దు.

అపోహ: మిద్దె కంటే మంచి చోటు లేదు

పైన నేనే మిద్దె మీద పడుకుంటానని చెప్పాను, అందుకే దీన్ని వివరించాలి. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాగిన స్లాబు, దాని మీద పరిచిన బండలు సాయంత్రం ఏడున్నరకు కూడా సెగ కక్కుతూ ఉంటాయి. ఆ వేడిగాలి మీ లెన్స్ ముందే పైకి లేస్తుంది. ఫోకస్ ఎంత బాగున్నా బొమ్మ నీళ్లలో చూసినట్టు అల్లాడిపోతుంది. ఎండాకాలంలో నీళ్లు చల్లి చల్లబరిచిన మిద్దె, లేదా ఇంటి ముందు మట్టినేల మేలు. అంతకంటే మేలు తెల్లవారుజామున వచ్చే పాస్, అంటే స్టేషన్ మన ఆకాశాన్ని ఒకసారి దాటిపోవడం. అప్పటికి బండలు చల్లారి ఉంటాయి.

ఊరి దీపాలకు దూరంగా పోవాలా అంటే, అక్కర్లేదు. స్టేషన్ నక్షత్రాలన్నిటికంటే ఎక్కువగా వెలుగుతుంది. నడిబజారులో నిలబడినా దొరుకుతుంది.

అపోహ: రాత్రి ఎప్పుడు చూసినా కనబడుతుంది

స్టేషన్ రోజుకు పదిహేనుసార్లకు పైగా భూమిని చుట్టినా మనకు పనికొచ్చేవి కొన్నే. మనకు చీకటి పడాలి, దానికి ఎండ ఉండాలి. మన అక్షాంశంలో ఆ సందు సూర్యాస్తమయం తర్వాత గంటన్నర లోపు, సూర్యోదయానికి ముందు గంటన్నర. అర్ధరాత్రి అది భూమి నీడలో ఉంటుంది.

సాయంత్రం పాస్‌లో అది పడమటి వైపు నుంచి లేచి, నడినెత్తికి వచ్చి, తూర్పుకు దిగుతూ ఒక్కసారిగా ఆరిపోవడం చూసి కొందరు భయపడతారు. 1979 జులైలో స్కైలాబ్ పడుతుందని ఉన్న కోళ్లూ పొట్టేళ్లూ కోసుకుతిన్న కథలు మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు కాబట్టి ఆ భయాన్ని తప్పుపట్టలేను. పడిపోవడం కాదది, భూమి నీడలోకి పోవడం. గంటన్నర తర్వాత మళ్లీ చుట్టి వస్తుంది.

పాస్ సమయాలకు హెవెన్స్-అబవ్ సైటు చాలు. నేను ముందు చూసేది ఎత్తు, అంటే దిగంతం నుంచి ఎన్ని డిగ్రీలు పైకి లేస్తుందన్నది. 60 డిగ్రీలకు మించి లేచే పాస్ మీదే శ్రమ పెట్టండి. 30 డిగ్రీల దగ్గర అది మనకు ఏడు వందల కిలోమీటర్లకు పైనే దూరంలో ఉంటుంది, బొమ్మ సగానికి పడిపోతుంది. మంచి పాస్‌లో కూడా 60 డిగ్రీల పైన ఉండేది ఒక నిమిషమే, తీయాల్సింది అప్పుడే. ఇంకో కిటుకు: సాయంత్రం పూట అది నడినెత్తి దాటి తూర్పుకు వాలేటప్పుడు ఎండ తగిలే ముఖం మన వైపు ఉంటుంది. ఆ కొన్ని సెకన్ల ఫ్రేములు బాగా వస్తాయి. తెల్లవారుజామున దీనికి తిరగేసి, పడమర వైపు.

సైటులో మీ ఊరే పెట్టండి. కర్నూలుకు నడినెత్తిన వచ్చే పాస్ అనంతపురానికి పది పదిహేను డిగ్రీలు కిందికి జరగవచ్చు.

అపోహ: బొమ్మలో కిటికీలు, మనుషులు కనబడతారు

ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలా ఆశలు దారికొస్తాయి. స్టేషన్ ఈ చివర నుంచి ఆ చివరకు 109 మీటర్లు. నడినెత్తిన 410 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు అది ఆకాశంలో ఆక్రమించేది దాదాపు గురుగ్రహం అంత. 600 ఎంఎం లెన్స్ ఆ బొమ్మను సెన్సర్ మీద 0.16 మిల్లీమీటర్ల మేర వేస్తుంది. అంటే ఆరువేల పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో నలభై పిక్సెళ్లు. కెమెరా తెర మీద చూస్తే దుమ్ముకణం అనుకుని డిలీట్ చేస్తారు, వంద శాతానికి పెంచి చూడందే ఏదీ తీసేయొద్దు.

ఆ నలభై పిక్సెళ్లలో ఏముంటుంది? బాగా కుదిరిన ఫ్రేములో అటూ ఇటూ బంగారు రంగులో ప్యానెళ్ల జతలు, మధ్యలో తెల్లగా మెరిసే గదుల వరస, దానికి అంటుకుని వేడిని బయటికి పంపే రేడియేటర్ల తెలుపు. మొత్తం కలిసి హెచ్ ఆకారం. ఒక్కో ప్యానెల్ రెక్క 35 మీటర్ల పొడవు కాబట్టి అది తెలుస్తుంది. ఎఫ్/6.3 దగ్గర మన లెన్స్ నోరు 95 మిల్లీమీటర్లు. ఆ నోటితో అంత దూరాన రెండున్నర మీటర్ల కంటే చిన్న వివరం విడదీయడం కాంతి లక్షణం వల్లే సాధ్యం కాదు. కెమెరా బాడీ మార్చినా అంతే. మనిషి సంగతి ఇక వదిలేయండి.

అపోహ: ఏఐతో పెంచితే వివరాలు బయటికొస్తాయి

రావు, కొత్తవి పుడతాయి. నలభై పిక్సెళ్ల స్టేషన్‌ను ఆ యాప్‌లకిస్తే ఇంటర్నెట్‌లో ఉన్న స్టేషన్ ఫొటోల్లోంచి ఏదో ఊహించి అతికిస్తాయి. అది మీరు తీసిన ఫొటో కాదని నా ఖచ్చితమైన అభిప్రాయం. ఫోన్‌లో వంద రెట్ల జూమ్‌తో తీశామని తిరిగే బొమ్మల్నీ నేను అంతే అనుమానంగా చూస్తాను.

నిజాయితీగా చేయగలిగింది కూడా తక్కువేం కాదు. రా ఫైలులో (కెమెరా ఏమీ మార్చని ఫైలు) బర్స్ట్‌లు, అంటే వరసగా ఆగకుండా ఫ్రేములు, తీయండి. గాలి ప్రతి క్షణం మారుతుంది కాబట్టి పక్కపక్క ఫ్రేములే ఒకటి ముద్దగా, ఒకటి పదునుగా వస్తాయి. ఒకటి రెండు సెకన్లలోపు తీసిన పదునైనవాటిని మాత్రమే ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తే గ్రెయిన్ (ఇసక చల్లినట్టుండే గరుకు) తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే మనం చూసే కోణమే మారిపోయి ప్యానెళ్లు కలవవు. మూడు రెట్లు పెంచి, షార్పెనింగ్ కొంచెం ఇచ్చి ఆపండి. అంచుల చుట్టూ తెల్లటి గీత మొదలైందంటే అతి చేసినట్టే.

అపోహ: ఇదే పద్ధతిలో ఇస్రో ఉపగ్రహాలూ తీయవచ్చు

2025 జనవరిలో స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ ఒకదానికొకటి అతుక్కున్నప్పుడు, "అన్నా, ఆ డాకింగ్ ఒకటి తీసిపెట్టు" అని నిజంగానే అడిగారు. ఒక్కోటి 220 కిలోల పెట్టె, 475 కిలోమీటర్ల ఎత్తు. మన సెన్సర్ మీద అది ఒక్క పిక్సెల్ కూడా నిండదు. టీవీ ప్రసారాలకు వాడే ఉపగ్రహాలు ఇంకా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల దగ్గర. వాటి మాట ఎత్తక్కర్లేదు.

ఆకారం తెలిసేలా రెండోది కావాలంటే చైనా స్టేషన్ తియాంగాంగ్ ఉంది. 2022 చివరికి పూర్తయింది, టీ ఆకారం. అంతర్జాతీయ కేంద్రంలో సగమంత వస్తుంది, ప్యానెళ్లు పొడుగ్గా సాగినట్టు తెలుస్తాయి. హబుల్ టెలిస్కోపు మాత్రం మనలాంటివాళ్లకే. దాని దారి భూమధ్యరేఖకు 28.5 డిగ్రీలే వాలి ఉంటుంది కాబట్టి లండన్‌వాళ్లకు అది దిగంతం దగ్గర కూడా కనబడదు, మన నెత్తిమీదుగానే పోతుంది. 13 మీటర్ల పొడవు, నాలుగైదు పిక్సెళ్లు. కొంచెం కోలగా ఉన్న చుక్క వస్తే సంబరపడొచ్చు.

అపోహ: చంద్రుడి మీదుగా పోయేటప్పుడు తీయడం అదృష్టం

అదృష్టం పాత్ర తక్కువ, పటం చూడటం ఎక్కువ. స్టేషన్ నెత్తి మీదుగా పోయేటప్పుడు చంద్రబింబాన్ని దాటేది అర సెకనులో. అది కనబడే నేల పట్టీ నాలుగు కిలోమీటర్ల వెడల్పే. కర్నూలు బస్టాండ్ దగ్గర పడేది ఓర్వకల్లులో పడకపోవచ్చు. సైటులు ఆ పట్టీని పటం మీద గీసి చూపిస్తాయి, బండి వేసుకుని దాని మధ్యగీత మీదికి పోవడమే. కంటితో చూసి నొక్కుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. ఫోన్ గడియారం చూసుకుని రెండు సెకన్ల ముందే బర్స్ట్ మొదలుపెట్టి వదలకుండా పట్టుకోండి.

సూర్యుడి మీదుగా పోయేదానికీ లెక్క ఇదే, కానీ లెన్స్ ముందు సోలార్ ఫిల్టర్ బిగించనిదే కెమెరా అటు తిప్పొద్దు. ఎక్స్‌రే ఫిల్ములు, గ్రహణం కళ్లజోళ్లు 600 ఎంఎం లెన్స్‌కు పనికిరావు. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఉంటే పోయేది సెన్సర్ ఒక్కటే కాదు.