టాక్‌కు తాళం: ఈ గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

2026 సంక్రాంతికి చిరంజీవి సినిమా 'మన శంకర వరప్రసాద్ గారు' టికెట్ల కోసం బుక్‌మైషో తెరిచినవాళ్లకు రేటింగులు కనబడలేదు. కోర్టు ఉత్తర్వు మేరకు రేటింగులు, రివ్యూలు ఆపేశామన్న ముక్క మాత్రం ఉంది. అంతకు నెల ముందు కన్నడంలో దర్శన్ 'ది డెవిల్' విషయంలోనూ ఇదే జరిగింది. పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా వినపడుతున్నది ఇదే తగువు. చూసొచ్చినవాడు ఎలా ఉందో చెప్పొచ్చా? చెబితే ఎప్పుడు చెప్పాలి?

పత్రికల్లో సమీక్షలు ఎప్పుడు మొదలయ్యాయి, వెబ్‌సైట్లలో స్టార్లు ఎప్పుడొచ్చాయి అన్నది చాలామందికి తెలిసిన కథే. దాన్ని వదిలేస్తున్నాను. ఈ తగువు మూలం చూడాలంటే ఫిలిం బాక్సు దగ్గరికి వెళ్లాలి.

మాది గుంటూరు జిల్లాలో సీ సెంటర్. ఒక్కో ప్రింటుకు పదుల వేలు ఖర్చయ్యే రోజులు. అందుకని ఉన్న ప్రింట్లు ముందు బెజవాడ, గుంటూరు లాంటి ఏ సెంటర్లలో ఆడేవి, తర్వాత బీ సెంటర్లకు, ఆఖరున మాలాంటి ఊళ్లకు వచ్చేవి. బస్సు టాపు మీద నుంచి ఆ రేకు పెట్టె దించుతుంటే చూడ్డానికి పిల్లలం వెంటపడేవాళ్లం. పెట్టె కంటే ముందే టాక్ వచ్చేసేది. బెజవాడలో పెళ్లికి వెళ్లొచ్చిన పిన్ని, గుంటూరు హాస్టల్లో చదువుకునే అన్న, లారీ మీద తిరిగే బాబాయి, తలా ఒక మాట మోసుకొచ్చేవాళ్లు. "ఫస్టాఫ్ బాగుంది రా, సెకండాఫ్ కాస్త సాగదీశాడు. పాటల కోసం చూడొచ్చు." దాన్నిబట్టే మా ఇంట్లో ఆదివారం మ్యాట్నీకి వెళ్లాలా వద్దా అన్నది తేలేది.

మ్యాట్నీ వదిలే వేళకి ఫస్ట్ షో జనం టికెట్ల గూడు ముందు ఇనప కమ్మీల మధ్య వరస కట్టి ఉండేవాళ్లు. బయటికొచ్చేవాళ్లు వాళ్ల పక్కనుంచే సైకిల్ స్టాండుకి నడవాలి. "ఎట్టుంది బావా?" అని కమ్మీల్లోంచి కేక. ఒకడు బొటనవేలు ఎత్తేవాడు. ఇంకొకడు మాట్లాడకుండా తువ్వాలుతో మొహం తుడుచుకుని పోయేవాడు. అది చూసి వరసలోంచి నలుగురైదుగురు జారుకునేవాళ్లు. కౌంటర్లో కూర్చున్నాయన అంతా చూస్తుండేవాడు గానీ, ఆ తువ్వాలు ఆసామి మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. టాక్ ఊరూరా తిరగడానికి వారాలు పట్టేది, సినిమాకూ అన్ని వారాలు ఉండేవి. మొదటి వారం ఖాళీగా ఉన్న హాలు మూడో వారానికి నిండిన సినిమాలు నాకు గుర్తున్నాయి.

ఆ లెక్క మార్చింది డిజిటల్ ప్రొజెక్షన్. 2005 ప్రాంతంలో రీళ్లు లేకుండా సినిమా వేసే క్యూబ్, యూఎఫ్‌ఓ వచ్చాయి. తర్వాతి కొన్నేళ్లలో మా ఊరి హాల్లోనూ రీళ్ల మిషన్ మూలన పడింది. ప్రింటు ఖర్చు లేకపోయేసరికి శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకే రోజు, ఒకే ఆట వేయడం సాధ్యమైంది. సీ సెంటర్ ప్రేక్షకుడు వారాలు ఎదురుచూడక్కర్లేదన్నది మంచి సంగతే. కానీ దానితోపాటు వ్యాపారమంతా మొదటి మూడు రోజుల మీదికి వచ్చి పడింది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర లాంటి ఏరియాల హక్కులు కొన్న బయ్యర్లు పెట్టిన డబ్బు సోమవారం లోపు ఎంత వెనక్కి వస్తుందన్నదే లెక్క. వంద రోజుల సెంటర్ల జాబితాలు వేసుకునే పరిశ్రమ ఓపెనింగ్స్ మాటే మాట్లాడటం మొదలుపెట్టింది. అమెరికాలో ముందు రోజు పడే ప్రీమియర్ల టాక్ ఇక్కడ తెల్లారేసరికే ఫోన్లలో ఉంటోంది.

నా దృష్టిలో మలుపు ఇదే. ప్రేక్షకుడు చెప్పే మాట మారలేదు, "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ మాట తిరగడానికి ఉన్న వ్యవధి పోయింది. దాన్ని తీసేసింది ప్రేక్షకుడు కాదు.

టికెట్ ధరలు కూడా ఆ మూడు రోజుల చుట్టే పెరిగాయి. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవోలో, పారితోషికాలు కాక 100 కోట్లు దాటిన సినిమాలకు మొదటి 10 రోజులు ధర పెంచుకునే వీలు కల్పించారు. 2024 డిసెంబర్ 4న 'పుష్ప 2' ప్రీమియర్‌కు తెలంగాణలో మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోవచ్చన్నారు. ఆ రాత్రే హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. ఇక బెనిఫిట్ షోలు ఉండవని ప్రభుత్వం ప్రకటించింది. ఏడాది తిరక్కుండానే, 2025 సెప్టెంబర్‌లో, 'ఓజీ'కి అక్కడే 800 రూపాయల ప్రీమియర్‌కు అనుమతి వచ్చింది. ఆంధ్రలో అదే షో టికెట్ 1,000 రూపాయలు. సినిమా ఎలా ఉందో ఎవరికీ తెలియని ఆటకు అన్నిటికంటే ఎక్కువ ధర. ఆ ధర కట్టి బయటికొచ్చినవాణ్ని కాసేపు నోరు మెదపొద్దంటున్నారు ఇప్పుడు.

ఎంతసేపు మెదపకూడదన్నది కూడా గమనించాలి. 2024 నవంబర్‌లో 'కంగువ' దెబ్బతిన్నాక, తమిళ నిర్మాతలు థియేటర్ ఆవరణలోకి యూట్యూబ్ మైకుల్ని రానివ్వొద్దన్నారు. డిసెంబర్‌లో మద్రాస్ హైకోర్టుకు వెళ్లి, విడుదలైన మూడు రోజుల దాకా ఆన్‌లైన్ రివ్యూలు ఆపాలని అడిగారు. అభిప్రాయం చెప్పడం భావప్రకటనా స్వేచ్ఛ కిందికి వస్తుందంటూ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. కేరళ హైకోర్టు నియమించిన అమికస్ క్యూరీ, అంటే కోర్టుకు సలహా ఇచ్చే న్యాయవాది, 48 గంటలు ఆగాలని సూచించారు. రెండు రోజులో, మూడు రోజులో, డబ్బంతా వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నిర్మాతల బాధ అబద్ధం కాదు. 2024 ఏప్రిల్‌లో 'ది ఫ్యామిలీ స్టార్' మీద పనిగట్టుకుని దుష్ప్రచారం చేస్తున్నారని సైబరాబాద్ పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఆ సినిమా హీరో విజయ్ దేవరకొండ, 'మన శంకర వరప్రసాద్ గారు' విషయంలో వచ్చిన కోర్టు ఉత్తర్వును స్వాగతించారు. చూడకుండానే ఒక స్టారు కొట్టేవాళ్లు, అవతలి హీరో మీద కోపంతో గుంపుగా దిగేవాళ్లు ఉన్నారు. అయితే టికెట్ అమ్మిన సంస్థకు ఎవరు కొన్నారో తెలుసు కదా. కొన్నవాళ్లకే రేటింగ్ పెట్టే వీలిస్తే దొంగ స్టార్లు చాలావరకు ఆగుతాయి. అది వదిలేసి అందరి మాటా మూసేశారు. 2025లో 'మ్యాడ్ స్క్వేర్' సమయంలో నిర్మాత నాగవంశీ, దమ్ముంటే నా సినిమాలను బ్యాన్ చేయండని రివ్యూయర్లకు సవాలు విసిరారు. అది వృత్తిగా రాసేవాళ్లతో తగువు. హైదరాబాద్‌లో ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ముందు మైకు పెడితే నవ్వుతూ రెండు ముక్కలు చెప్పి బస్సెక్కే కుర్రాడికీ దానికీ సంబంధం లేదు. తాళం వేస్తే మాత్రం ముందు మూతపడేది అతని నోరే.

ఇంకో సంగతి ఈ చర్చలో సరిగా వినపడటం లేదు. 2023 మార్చిలో వచ్చిన 'బలగం'లో పెద్ద హీరో లేడు. చూసినవాళ్లు ఏడ్చి, పక్కింటివాళ్లకు చెప్పారు. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్యన తెర కట్టి, చాపలు, కుర్చీలు వేసుకుని ఊరంతా కలిసి చూశారు. చావింటి పాట దగ్గర ముసలమ్మలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన వీడియోలే ఆ సినిమాకు పోస్టర్లయ్యాయి. 2024 సంక్రాంతికి 'హనుమాన్', 2025 సెప్టెంబర్‌లో 'లిటిల్ హార్ట్స్' ముందు రోజే ప్రీమియర్లు వేసి టాక్‌ను పిలిచి మరీ తెచ్చుకున్నాయి. చిన్న సినిమాకు హోర్డింగులు ఉండవు, ధర పెంచే జీవో రాదు. దానికున్నది చూసొచ్చినవాళ్ల మాట ఒక్కటే. రేటింగుల పేజీ మూయడం పెద్ద సినిమాలకు అలవాటైతే, రేపు చిన్న సినిమా గురించి నాలుగు మంచి మాటలు చదవడానికి ఆ పేజీ తెరిచేవాళ్లు ఉండరు.

సంక్రాంతి పండగ రోజుల్లో మా ఊరు వెళ్లాను. హాలు అదే, లోపల సీట్లు మార్చారు. ఇనప కమ్మీలు ఇంకా ఉన్నాయి, టికెట్లు ఫోన్లలోనే కొంటున్నారు కాబట్టి మధ్యలో బైకులు పెడుతున్నారు. 'మన శంకర వరప్రసాద్ గారు' మ్యాట్నీ వదిలారు. ఫస్ట్ షోకి పిల్లల్ని వెంటేసుకొచ్చిన ఒకావిడ, బయటికొస్తున్న పెద్దావిణ్ని ఆపి అడిగింది, "ఎట్టా ఉంది పిన్నీ?"

"బానే నవ్వించాడమ్మా, పిల్లల్ని తీసుకెళ్లు" అంది పెద్దావిడ చెప్పులు సరిచేసుకుంటూ.

ఆ సినిమా హిట్టయింది. బుక్‌మైషోలో మాత్రం ఆ పిన్ని మాట రాయడానికి చోటు లేదు.