పైథాన్ ఇంపోర్ట్: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ద్వారకానగర్ కోచింగుల నుంచి రుషికొండ, మధురవాడ ఆఫీసులకు వచ్చే కొత్తవాళ్లకు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష బాగానే వస్తోంది. వాళ్లకు పని నేర్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది ఇంపోర్ట్ దగ్గరే, అంటే ఒక ఫైల్లోని కోడ్‌ను మరో ఫైల్లోకి తెచ్చుకునే దగ్గర. దాన్ని ఫైలు పైన రాసే లాంఛనంగా చూస్తారు. కానీ ఇంపోర్ట్ అంటే అవతలి ఫైలును నడపడం. ఇది పట్టుబడితే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అపోహ: ఇంపోర్ట్ చేస్తే అవతలి కోడ్ వచ్చి ఇక్కడ అతుక్కుంటుంది.

వాస్తవం: పైథాన్ ముందు ఒక ఖాళీ మాడ్యూల్ (ఆ ఫైల్లోని పేర్లన్నీ ఉండే పెట్టె లాంటిది) తయారుచేసి, సిస్ డాట్ మాడ్యూల్స్ అనే డిక్షనరీలో దాని పేరు నమోదు చేస్తుంది. తర్వాత ఆ ఫైలును మొదటి నుంచి చివరిదాకా నడుపుతుంది. రెండోసారి అడిగితే నడపదు, డిక్షనరీలో ఉన్నదే ఇస్తుంది. అందుకే నోట్‌బుక్‌లో (కోడ్‌ను సెల్స్ అనే ముక్కలుగా నడిపే చోట) పనిచేసేవాళ్లు పక్క ఫైల్లో ఫంక్షన్ మార్చి, ఇంపోర్ట్ సెల్ మళ్లీ నడిపినా పాత జవాబే వస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, కెర్నల్‌ను, అంటే నోట్‌బుక్ వెనక నడిచే పైథాన్‌ను, రీస్టార్ట్ చేయండి. ఇంపోర్ట్‌లిబ్ అనే మాడ్యూల్‌లో ఫైలును మళ్లీ నడిపే ‘రీలోడ్’ ఉంది గానీ, ‘ఫ్రమ్’ అని రాసి విడిగా తెచ్చుకున్న పేర్లు దానివల్ల మారవు. నేనైతే రీస్టార్టే చేయమంటాను.

అపోహ: ‘ఫ్రమ్’తో ఒక్క ఫంక్షనే తెచ్చుకుంటే ప్రోగ్రామ్ తేలికవుతుంది.

వాస్తవం: ఫైలు మొత్తం నడవాల్సిందే. మీకు కనిపించే పేర్లు తగ్గుతాయి, అంతే.

అపోహ: ఉన్నట్టుండి ఎర్రర్ వచ్చిందంటే పైథాన్ పాడైనట్టే, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

వాస్తవం: ముందు మీ ఫోల్డర్ చూసుకోండి. ప్రాక్టీస్ కోసం రాసిన ఫైలుకు ‘రాండమ్ డాట్ పై’ అని పేరు పెట్టేవాళ్లు ఎంతమందో! ఆ పేరుతో పైథాన్‌కు ముందే ఒక మాడ్యూల్ ఉంది. స్క్రిప్ట్ నడిపినప్పుడు ఇలాంటి ఫైళ్ల కోసం పైథాన్ మొట్టమొదట వెతికేది ఆ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే. పైథాన్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ వంతు ఆ తర్వాతే. మీ ఫైలే దొరుకుతుంది, అందులో ర్యాండింట్ ఫంక్షన్ ఉండదు, ‘ఆట్రిబ్యూట్ ఎర్రర్’ వస్తుంది. ఆ మాడ్యూల్ ‘ఫైల్’ ఆట్రిబ్యూట్‌ను ప్రింట్ చేస్తే ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. పైథాన్ 3.13 నుంచి ఫైలు పేరు మార్చి చూడమని ఆ ఎర్రర్ మెసేజే చెబుతోంది. చాలా మంచి మార్పు.

అపోహ: రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోకూడదు.

వాస్తవం: చేసుకోవచ్చు. సగం నడిచిన మాడ్యూల్‌లో ఇంకా పుట్టని పేరు అడిగితేనే చిక్కు. ‘పార్షియల్లీ ఇనీషియలైజ్డ్’ అని వచ్చే ఎర్రర్‌కు అర్థం అదే. ఇద్దరికీ కావాల్సిన కోడ్‌ను మూడో ఫైల్లోకి తీసేయడం సరైన మందు.

అపోహ: ప్రతి ప్యాకేజీలో (మాడ్యూళ్లు ఉండే ఫోల్డర్‌లో) ఇనిట్ ఫైలు ఉండి తీరాలి.

వాస్తవం: 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి తప్పనిసరి కాదు. అయినా పెట్టండి. అది లేని ఫోల్డర్లను వదిలేసే టూల్స్ ఇప్పటికీ ఉన్నాయి.

అపోహ: ఇంపోర్ట్ ఎప్పుడూ ఒకేలా ఉంది, పాత ట్యుటోరియల్ చాలు.

వాస్తవం: పైథాన్ 2లో ప్యాకేజీలోని ఫైలు ఏదైనా పేరు అడిగితే పక్కనున్న ఫైలే ముందు దొరికేది. పైథాన్ 3లో పక్క ఫైలు కావాలంటే చుక్క పెట్టి అడగాలి. పాత ‘ఇంప్’ మాడ్యూల్‌ను 2023లో 3.12 నుంచి తీసేశారు. అన్ని ఇంపోర్టులనూ వాయిదా వేసే వీలు కల్పించే పెప్ (పైథాన్‌లో మార్పు కోసం ఇచ్చే ప్రతిపాదన) 690ను 2022లో తిరస్కరించారు. కావాల్సిన చోట మాత్రమే ‘లేజీ’ అని రాసుకునే పెప్ 810కు 2025లో ఆమోదం వచ్చింది, 3.15 కోసం. అలా రాస్తే ఆ పేరు మొదటిసారి వాడినప్పుడే ఫైలు నడుస్తుంది. ఈలోగా మీ ప్రోగ్రామ్ మొదలవడానికి ఎక్కువసేపు పడుతుంటే ‘మైనస్ ఎక్స్ ఇంపోర్ట్‌టైమ్’ ఆప్షన్‌తో నడపండి. ఏ మాడ్యూల్‌కు ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో వరసగా చూపిస్తుంది.