పోల్చి రాయమంటే రెండు దేశాల వర్ణనే ఎందుకొస్తోంది?

తులనాత్మక రాజకీయాల (దేశాల రాజకీయ వ్యవస్థలను పోల్చి చదివే శాస్త్రం) పరిచయ కోర్సులో మొదటి పెద్ద అసైన్‌మెంట్ చాలాచోట్ల ఒకటే: రెండు దేశాలు తీసుకుని పోల్చి రాయడం. వచ్చే వ్యాసాల్లో ఎక్కువ శాతం ఒకే తీరులో ఉంటాయి. మొదటి రెండు పేజీలు బ్రిటన్, తర్వాతి రెండు పేజీలు మెక్సికో, చివర ‘ఈ విధంగా రెండింటి మధ్య పోలికలూ తేడాలూ ఉన్నాయి’ అన్న ఒక్క వాక్యం. పక్కపక్కన రెండు వర్ణనలున్నాయే తప్ప పోలిక జరగలేదు. అయినా భాష శుభ్రంగా ఉంటే మంచి గ్రేడే పడుతుంది. ఇది విద్యార్థుల బద్ధకం కాదు. మనం ప్రశ్న ఇచ్చే తీరూ, పేపర్లు దిద్దే తీరూ వేర్వేరు కాలాల్లో తయారై ఇక్కడ ఒకచోట చేరాయి.

రెండో ప్రపంచ యుద్ధం దాకా ఈ శాస్త్రం కూడా అలాగే నడిచింది. పాఠ్యపుస్తకాల్లో దేశానికో అధ్యాయం. అందులో రాజ్యాంగం, శాసనసభ, మంత్రివర్గం, న్యాయస్థానాలు. అవీ ఎక్కువగా ఐరోపా దేశాలవే. పేరుకు తులనాత్మకమే గానీ చేస్తున్నది వర్ణన అని 1955లో రాజకీయ శాస్త్రవేత్త రాయ్ మాక్రిడిస్ గట్టిగా విమర్శించాడు. 1963లో ఆల్మండ్, వెర్బా అనే ఇద్దరు రాజకీయ శాస్త్రవేత్తలు అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, మెక్సికో పౌరులను ఒకే ప్రశ్నావళితో పలకరించారు. దేశం బదులు ప్రశ్న ముందుకొచ్చింది.

అసలు మలుపు 1970 ప్రాంతంలో వచ్చింది. ఒకే భావనను అన్ని దేశాలకూ సరిపోయేలా సాగదీస్తే చివరికి అందులో అర్థం మిగలదని రాజకీయ శాస్త్రవేత్త సార్టోరి 1970లో హెచ్చరించాడు. అదే ఏడాది షెవోర్‌స్కీ, ట్యూన్ అనే పరిశోధకులు దేశాల ఎంపికకు రెండు దారులు చెప్పారు. ఒకటి, దాదాపు అన్నింట్లో ఒకేలా ఉండి ఒక్కదాంట్లో తేడాపడే దేశాలను తీసుకోవడం. రెండోది, దాదాపు అన్నింట్లో వేరుగా ఉన్నా ఒకే ఫలితం కనిపించే దేశాలను తీసుకోవడం. ఫలితాన్ని మార్చగల కారకాలు ఎక్కువ, పోల్చే దేశాలు తక్కువ అన్నదే ఈ పద్ధతి అసలు కష్టమని మరో రాజకీయ శాస్త్రవేత్త లైప్‌హార్ట్ 1971లో స్పష్టం చేశాడు. ఈ తర్కానికి మూలాలు 1843లో తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ చెప్పిన పద్ధతుల్లో ఉన్నాయి. రాజకీయాల్లో కారణాలు మరీ చిక్కుపడి ఉంటాయి కాబట్టి అవి అక్కడ పనిచేయవని మిల్లే అనుమానించాడు. ఇవన్నీ ఇప్పుడు మొదటి నెల పాఠాల్లోనే వస్తాయి. అసైన్‌మెంట్ ప్రశ్న మాత్రం చాలా సిలబస్‌లలో పాత పాఠ్యపుస్తకాల కాలం దగ్గరే ఆగిపోయింది.

మార్కుల కథ వేరు. అమెరికాలోని యేల్‌లో అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ 1785లోనే విద్యార్థులను నాలుగు తరగతులుగా విడదీశాడు. అక్కడి మౌంట్ హోలియోక్ కళాశాల 1897లో అక్షర గ్రేడ్లు తెచ్చింది. వ్యాసాలకు ఇలా కొలత పెట్టడం ఎంత నిలకడగా జరుగుతోందో తేల్చేందుకు స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు 1912లో రెండు ఇంగ్లీషు జవాబు పత్రాలను వందకు పైగా ఉపాధ్యాయులకు పంపారు. ఒకే పేపరుకు 64 నుంచి 98 దాకా మార్కులొచ్చాయి. 1961లో డీడెరిక్, ఫ్రెంచ్, కార్ల్‌టన్ అనే పరిశోధకులు ఇంకా లోతుకు వెళ్లారు. 300 వ్యాసాలను ఆరు రంగాలకు చెందిన 53 మంది తొమ్మిది మెట్ల కొలతపై దిద్దారు. 94 శాతం వ్యాసాలకు కనీసం ఏడు వేర్వేరు గ్రేడ్లు పడ్డాయి. కొందరు భావాలను చూశారు, కొందరు వ్యాకరణ దోషాలను, కొందరు కూర్పును, కొందరు పదాలను, కొందరు శైలిని. ప్రమాణం రాసి చేతికివ్వనప్పుడు దిద్దే ప్రతి ఒక్కరూ తమకు అలవాటైన దానికే మార్కులు వేస్తారు. మన కోర్సులో పోలిక లేని వ్యాసం గట్టెక్కేది ఇక్కడే.

ప్రశ్నలోనే పోలిక ఉండాలి. ‘బ్రిటన్, న్యూజిలాండ్ రాజకీయ వ్యవస్థలను పోల్చండి’ అంటే వర్ణనే వస్తుంది. ఇలా అడిగి చూడండి: ‘1996 తర్వాత న్యూజిలాండ్‌లో ఒకే పార్టీ సొంత మెజారిటీతో పాలించడం అరుదైంది, బ్రిటన్‌లో మామూలుగానే కొనసాగింది. ఎందుకు?’ రెండూ ఏకకేంద్ర రాజ్యాలు, రెండింట్లోనూ ఒకే గ్రంథంగా రాసిన రాజ్యాంగం లేదు, రెండూ పార్లమెంటరీ రాచరికాలు. న్యూజిలాండ్ 1996 ఎన్నికల నుంచి మిశ్రమ దామాషా పద్ధతికి (నియోజకవర్గ సీట్లతో పాటు పార్టీల ఓట్ల నిష్పత్తిలో సీట్లు ఇచ్చే పద్ధతి) మారింది, బ్రిటన్ మారలేదు. ఇక 2010లో బ్రిటన్‌లో సంకీర్ణం ఏర్పడడం, 2020లో న్యూజిలాండ్ లేబర్ పార్టీకి సొంత మెజారిటీ రావడం ఎన్నికల పద్ధతే కారణమన్న వాదనకు ఎదురు నిలుస్తాయి. మంచి విద్యార్థి వాటిని దాటేయడు, అక్కడే ఆగి జవాబు చెబుతాడు.

1,500 మాటల వ్యాసమైతే ఒక్కసారే తీసుకోకూడదు. ముందు ఒక పేజీలో ప్రశ్న, ఆ రెండు దేశాలే ఎందుకు, ఏవి సమానం, ఏది తేడా. తర్వాత ఒక పట్టిక: అడ్డ వరుసల్లో కారకాలు, నిలువు వరుసల్లో దేశాలు. ఆ తర్వాతే చిత్తుప్రతి. పట్టికే కీలకం. గడులు నిండకపోయినా, ఒక దేశం కింద ‘ఎన్నికలు’, ఇంకో దేశం కింద ‘చరిత్ర’ అని రాసినా, వ్యాసం మొదలుకాకముందే లోపం దొరుకుతుంది. చిత్తుప్రతి దశలో దొరికితే దాన్ని మార్చే ఓపిక విద్యార్థికీ ఉండదు, దిద్దేవారికీ ఉండదు.

20 మార్కులైతే ఈ పంపకం బాగా పనిచేస్తుంది: వాదన 4, దేశాల ఎంపికకు కారణం 3, పోలిక 5, ఆధారాలు 4, ఎదురు వాదనకు జవాబు 2, భాష, ఉటంకింపులు కలిపి 2. పోలికకు 5 అంటే ఏమిటో కూడా రాసిపెట్టాలి: ప్రతి పేరా ఒక కారకం చుట్టూ తిరగాలి, అందులో రెండు దేశాలూ కనిపించాలి. దేశం తర్వాత దేశంగా రాసి చివర కలిపితే 2. కలపకపోతే 1. భాషకు 2 చాలా తక్కువ అనిపించవచ్చు. కానీ వాదన అర్థం కాకపోతే ఆ మార్కులు వాదన దగ్గరే పోతాయి, ఒకే తప్పుకు రెండుసార్లు కోత పెట్టక్కర్లేదు.

దిద్దేవారు ఇద్దరికి మించితే ముందుగా మూడు పేపర్లు తీసుకుని, పేర్లు కప్పేసి, ఎవరికి వారు దిద్దాలి. ఏ అంశంలోనైనా ఒక మార్కుకు మించి తేడా వస్తే రూబ్రిక్‌లోని (మార్కుల ప్రమాణాల పట్టికలోని) వాక్యాన్నే మార్చాలి. కట్ట పూర్తయ్యాక మొదట దిద్దిన ఐదింటిని మళ్లీ చూడాలి. మొదట్లో బిగింపు, చివర్లో సడలింపు సహజం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కొందరు మళ్లీ తరగతి గదిలో రాయించడానికి మొగ్గారు. దేశం తర్వాత దేశంగా సాగే సాఫీ వర్ణన యంత్రం క్షణాల్లో రాసిస్తుంది, కాబట్టి యంత్రంతో రాయించుకుంటారన్న భయం సమంజసమే. అయితే గంటలో ఆధారాలు వెతికి పోల్చడం కుదరదు. ఇంటి దగ్గర రాసిన వ్యాసాన్ని అలాగే ఉంచి, తరగతిలో 15 నిమిషాలు ఇస్తే చాలు. విద్యార్థి తయారుచేసిన పట్టికలోని ఒక గడిని ఉపాధ్యాయులు మార్చి చేతికివ్వాలి, న్యూజిలాండ్ పాత ఎన్నికల పద్ధతిలోనే ఉండి ఉంటే అన్నట్టుగా. తన వాదనలో ఏ వాక్యం నిలుస్తుందో, ఏది కూలుతుందో ఒక పేరాలో రాయమనాలి.