రాయి కింద గుంటలో గడియారం

పొలం మధ్యలో ఒంటరిగా నిలబడ్డ పెద్ద రాయిని చూస్తే, దీన్ని ఎప్పుడు పాతారో అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. ఆ సంగతి రాయి చెప్పదు. దాని వయసు కొలిస్తే వచ్చేది శిల పుట్టిన కోట్ల ఏళ్ల లెక్కే గానీ, మనుషులు దాన్ని లేపి నిలబెట్టిన కాలం కాదు.

అందుకు రాయి అడుగున, దాన్ని పాతిన గుంటలో వెతకాలి. ముందు గుంట తవ్వి, రాయిని అందులోకి జార్చి, నిటారుగా లేపి, చుట్టూ చిన్న రాళ్లు దట్టించి బిగించేవాళ్లు. తవ్వకానికి వాడిన జింక కొమ్మో, కాస్త బొగ్గో గుంటలో చిక్కుకుని ఉంటే కార్బన్ పరీక్షతో కాలం తేలుతుంది. అవేవీ లేకపోయినా మట్టి ఉంటుంది కదా! అందులోని క్వార్ట్జ్ రేణువులు చీకట్లో ఉన్నన్నాళ్లూ చుట్టుపక్కల సహజ రేడియేషన్ నుంచి శక్తిని కొద్దికొద్దిగా దాచుకుంటాయి. ఎండ తగిలితే ఆ నిల్వ ఖాళీ అయిపోతుంది. నిల్వ ఎంతుందో కొలిస్తే, ఆ మట్టి చివరిసారి ఎండ చూసిందెప్పుడో తెలుస్తుంది. అందుకే శాంపిల్‌ని వెలుతురు సోకకుండా తీస్తారు. ఎవరైనా నిధి కోసం ఒక్కసారి తవ్వి పోశారా, ఆ గడియారం చెడిపోయినట్టే.

ఇంగ్లండ్‌లో పురాతన రాతి వలయం ఉన్న ఏవ్‌బరీ ఊళ్లో రాళ్లకే దిక్కు లేకపోయింది. మధ్యయుగంలో కొన్నిటిని పడదోసి పూడ్చేశారు. 17, 18 శతాబ్దాల్లో మరికొన్నిటిని మంటల్లో కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టి ఇళ్లకు వాడుకున్నారు. నన్నడిగితే పూడ్చినవాళ్లే మేలు. వాళ్లు పాతిపెట్టిన రాళ్లను 1930లలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కీలర్ తవ్వి మళ్లీ నిలబెట్టాడు. పగిలిపోయినవాటి చోట ఇప్పుడున్నవి కాంక్రీటు గుర్తులు.

అదే ఊళ్లో 1871లో ఇళ్లు లేవబోతుంటే ఎంపీ జాన్ లబ్బక్ ఆ స్థలం తనే కొనేశాడు. సొంత ఆస్తి జోలికి ప్రభుత్వం రావడమేంటని తోటి సభ్యులు అడ్డుపడుతున్నా పట్టు వదలకుండా 1882లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చాడు. అదీ యజమాని ఒప్పుకుంటేనే! స్టోన్‌హెంజ్ రాతి వలయం అంతటిది 1915లో వేలంలో 6,600 పౌండ్లకు అమ్ముడుపోయింది. కొన్న సెసిల్ చబ్ 1918లో దేశానికి ఇచ్చేశాడు కాబట్టి సరిపోయింది. 1979 చట్టం వచ్చాక రక్షిత కట్టడానికి మరమ్మతు చేయాలన్నా, అక్కడ మెటల్ డిటెక్టర్ వాడాలన్నా అనుమతి తప్పనిసరి.

పశువులకు మాత్రం ఇవేవీ పట్టవు. దురద పుడితే రాయికే ఒళ్లు రుద్దుకుంటాయి. గిట్టల కింద మట్టి లేచిపోయి, బిగింపు రాళ్లు బయటపడి, రాయి మెల్లగా ఒరుగుతుంది. అప్పుడు చేయగలిగింది, మేత తొట్టి కాస్త దూరంగా పెట్టమని రైతుని అడగడమే.