క్యూ గదులూ, మాయాబజారూ

తిరుపతి

చిరంజీవులు వంశీకి, హాసినికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న కొండమీద వైకుంఠం కాంప్లెక్సులో కూర్చున్నప్పుడు మీరు అడిగిన దానికి ఆ గోలలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. కథ రాసేది రచయిత, తీసేది దర్శకుడు, మరి నిర్మాత డబ్బు పెట్టి ఊరుకుంటాడా అన్నారు కదా. ఊరుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి మనకెందుకు? ఊరుకోని ఒకాయన గురించి రాస్తున్నాను. మీరు విసుక్కుంటూ కూర్చున్న ఆ గదులతోనూ ఆయనకు సంబంధం ఉంది.

ఆయన బి. నాగిరెడ్డి. 1912లో కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. వాళ్లది ఉల్లిపాయలు ఎగుమతి చేసే కుటుంబం. మద్రాసులో అచ్చుపని చూసుకుంటూ, మిత్రుడు చక్రపాణితో కలిసి 1947లో ‘చందమామ’ మొదలుపెట్టారు. తర్వాత ఇద్దరూ విజయా సంస్థ పేరుతో 1950లో ‘షావుకారు’ తీశారు. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ ఆ సంస్థవే. వాహినీ స్టూడియో కూడా ఆయన చేతికి వచ్చింది.

సినిమాకు పెట్టే డబ్బులో చాలా భాగం అప్పే. షూటింగ్ ఆగినా వడ్డీ ఆగదు. నటుడు రాలేదనో సెట్టు పూర్తి కాలేదనో ఒక రోజు పోతే ఆ నష్టం నిర్మాతదే. అందుకే విజయా వారు నటులను, సాంకేతిక నిపుణులను నెల జీతం మీద పెట్టుకునేవారు. ఎన్.టి. రామారావు కూడా మొదట్లో అలా జీతం తీసుకున్నవారే. జీతం నెలనెలా అందుతుంటే మనిషి పనిమీదే మనసు పెడతాడు. ఇంత చిన్న సంగతి చాలామంది నిర్మాతలకు ఈనాటికీ తలకెక్కలేదు!

‘మిస్సమ్మ’ సంగతి వినండి. కథానాయికగా మొదట భానుమతిని తీసుకుని కొంత చిత్రీకరణ కూడా చేశారు. చక్రపాణితో ఆమెకు పొసగలేదు. తీసినదంతా పక్కన పెట్టేశారు. రెండో నాయిక వేషానికి అనుకున్న సావిత్రిని మిస్సమ్మను చేసి, ఆ రెండో వేషం జమునకు ఇచ్చారు. ఖర్చయిన ఫిల్ము, కూలీలు, రోజులు ఎవరి ఖాతాలో పడ్డాయో మీరే ఆలోచించండి. భాగస్వామి తీర్పుకు అంత డబ్బు వదులుకోవడానికి గుండె ఉండాలి. 1955లో బొమ్మ విడుదలయ్యాక సావిత్రి ఎక్కడికి చేరిందో మీ అమ్మమ్మను అడిగితే గంటసేపు చెబుతుంది.

ఇక మన కొండ సంగతి. 1980ల మొదట్లో నాగిరెడ్డిగారు తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి అధ్యక్షులుగా ఉన్నారు. వైకుంఠం క్యూ కాంప్లెక్సు ఆయన హయాములో చేపట్టిందే. యుద్ధం సీను తీసేరోజు వందలమంది వేషాలు కట్టుకుని, పిలుపు వచ్చేదాకా స్టూడియోలో కాచుకుని ఉంటారు. వాళ్లకు నీడ, నీళ్లు, అన్నం చూడాలి. ఎవరి వంతు ఎప్పుడో తేల్చాలి. ఆ అలవాటే భక్తులకు నీడ పట్టున కూర్చునే చోటు కట్టించిందని నా ఊహ. ఎక్కడా చదివింది కాదు సుమా.

1986వ సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. అన్న బి.ఎన్. రెడ్డికి అంతకుముందే వచ్చింది. 2004లో కన్నుమూశారు.

సంక్రాంతి సెలవులకు రండి, ‘మిస్సమ్మ’ వేసుకుందాం. హాసినీ, జమున వేషంలో సావిత్రి ఉంటే ఎలా ఉండేదో నువ్వు చెప్పాలి. వంశీ ఎలాగూ రేలంగిని చూసి నవ్వుతూ కూర్చుంటాడు.

మీ
తాతయ్య