"అక్కా, జపాన్‌లో ఎమ్మెస్‌కి జీఆర్‌ఈ ఎంత రావాలి?": జపాన్ చదువులపై అపోహలు - వాస్తవాలు

నెలకు నాలుగైదుసార్లయినా ఎవరో ఒకరు ఇదే ప్రశ్న పంపుతారు. నేను జపాన్‌లో ఓ నేషనల్ యూనివర్సిటీలో మాస్టర్స్, డాక్టరేట్ చేసి, ఇప్పుడు ఇక్కడే ఓ ఇంజినీరింగ్ ల్యాబ్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నాను. కొత్తగా వచ్చే విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే పని కూడా నా నెత్తినే పడింది. అడిగే పిల్లల తప్పేం లేదు. మన ఇళ్లలో పైచదువుకి అమెరికాయే కొలబద్ద: జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష స్కోరు, ర్యాంకింగ్, లోను, పార్ట్‌టైమ్, చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ. అదే కొలబద్ద పట్టుకుని జపాన్‌కి వస్తే అడుగడుగునా లెక్క తప్పుతుంది. నేను ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: మంచి స్కోరు, మంచి ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం) ఉంటే పది యూనివర్సిటీలకు అప్లై చేసి ఏదో ఒకటి పట్టుకోవచ్చు.

వాస్తవం: సైన్స్, ఇంజినీరింగ్ మాస్టర్స్, పీహెచ్‌డీల్లో చాలాచోట్ల ముందు ఒక ల్యాబ్ దొరకాలి, ఆ తర్వాతే యూనివర్సిటీ. ల్యాబ్ నడిపే ప్రొఫెసర్, ఇక్కడి మాటలో సెన్సెయ్, "సరే, మా దగ్గరికి రా" అని ముందుగా ఒప్పుకోవాలి. దీన్ని 'నైదకు' అంటారు. అది వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, పరీక్షో ఇంటర్వ్యూనో దాటాలి. కానీ అది లేకుండా అప్లికేషన్ పెడితే మాత్రం చాలాచోట్ల ఫీజు దండగే. జీఆర్‌ఈ ఎక్కువమంది అడగనే అడగరు. ఇంగ్లిష్‌కి టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, కొన్నిచోట్ల టోయిక్ చూస్తారు.

మా సెన్సెయ్‌కి వచ్చే మెయిళ్లు ఎలా ఉంటాయో చెప్తాను. ఆవిడ ఆడమనిషి. మెయిల్ "రెస్పెక్టెడ్ సర్" అని మొదలవుతుంది. రెండో పేరాలో "మీ అద్భుతమైన పరిశోధన" అంటూ వేరే యూనివర్సిటీవాళ్ల పేపర్ పేరు ఉంటుంది. ల్యాబ్ పేరున్న చోట అక్షరాల సైజు మారిపోతుంది, అతికించారని గుడ్డివాడికైనా తెలిసేలా. సెన్సెయ్ ఏమీ అనరు. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "మీ ఊరి అబ్బాయా?" అంటారు. నాకే తల కొట్టేసినట్టు ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒకమ్మాయి ఎనిమిది లైన్ల మెయిల్ రాసింది. మా పేపర్లో నాలుగో బొమ్మలో ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ రీడింగ్ పెరిగి, ఒకచోట ఉన్నట్టుండి ఎందుకు పడిపోయిందని అడిగింది. తను ఏం చేయాలనుకుంటోందో ఒక పేజీ జతచేసింది. ఏప్రిల్‌లో చేరాలా, అక్టోబర్‌లోనా, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్న రెండూ చివర్లో రాసింది. సెన్సెయ్ ఆ సాయంత్రమే జవాబిచ్చారు. ఆ అమ్మాయి సీజీపీఏ ఏడు పాయింట్ చిల్లర.

ఒక్క మినహాయింపు. ఇంగ్లిష్ మీడియం ప్రోగ్రాముల్లో కొన్ని ప్రొఫెసర్‌ని ముందుగా సంప్రదించొద్దని రాసే ఉంచుతాయి. ఆ గైడ్‌లైన్స్ చదవకుండా మెయిల్ కొడితే అదీ మైనస్సే.

అపోహ: రీసెర్చ్ స్టూడెంట్‌గా తీసుకున్నారంటే పీహెచ్‌డీ సీటు వచ్చినట్టే.

వాస్తవం: ఈ దెబ్బ నాకే తగిలింది. నేను 'కెన్‌క్యూసెయ్'గా వచ్చాను. ఇంగ్లిష్‌లో దాన్ని రీసెర్చ్ స్టూడెంట్ అని రాస్తారు. మా నాన్న వీధంతా స్వీట్లు పంచారు, అమ్మాయికి పీహెచ్‌డీ వచ్చిందని. వచ్చిన రెండో వారంలో ఆఫీసులో "మీరు పరీక్ష ఎప్పుడు రాస్తున్నారు?" అని అడిగారు. ఏ పరీక్ష? కెన్‌క్యూసెయ్‌కి డిగ్రీ ఉండదు, క్రెడిట్లు ఉండవు. ఆరు నెలలో ఏడాదో ల్యాబ్‌లో కూర్చుని, భాష నేర్చుకుని, 'ఇన్షి' అనే ప్రవేశ పరీక్షకు తయారయ్యే దశ అది. పరీక్ష పోతే డిగ్రీ కోర్సులో చేరనట్టే. నేషనల్ యూనివర్సిటీల్లో దీనికి నెలకు 29,700 యెన్‌లు ఫీజు, చేరేటప్పుడు 84,600. నేను ఆగస్టు ఎండలో, ఫ్యాన్ మాత్రమే ఉన్న గదిలో చదివి గట్టెక్కాను. ఇంట్లో ఈ సంగతి పరీక్ష పాసయ్యాకే చెప్పాను.

ఇంకో తికమక ఏమిటంటే, జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో మాస్టర్స్, పీహెచ్‌డీకి వచ్చేవాళ్ల కేటగిరీ పేరు కూడా రీసెర్చ్ స్టూడెంటే. పేరొకటే, సంగతి వేరు. మీ ఆఫర్ కాగితంలో డిగ్రీ కోర్సు పేరు ఉందో లేదో చూసుకోండి.

అపోహ: మూడేళ్ల బీఎస్సీ, బీకాం చేసినవాళ్లకు జపాన్ మాస్టర్స్ దారి మూసుకుపోయినట్టే.

వాస్తవం: ఒకప్పుడు ఇది చాలావరకు నిజం. మొత్తం 16 ఏళ్ల చదువు ఉండాలనేవారు. మన మూడేళ్ల డిగ్రీతో 15 ఏళ్లే అవుతుంది. 2016లో నియమం మార్చారు. విదేశాల్లో మూడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ కాలం కోర్సు చేసి బ్యాచిలర్ స్థాయి డిగ్రీ పొందినవాళ్లు కూడా అర్హులే. ఆ యూనివర్సిటీకి సొంత దేశంలో ప్రభుత్వమో, గుర్తింపు సంస్థో మూల్యాంకనం చేసి ఉండాలని షరతు. ఇప్పటికీ చాలా యూనివర్సిటీలు ఇలాంటివాళ్లకు అప్లికేషన్‌కి ముందే అర్హత పరిశీలన పెడతాయి. దాని గడువు అసలు గడువుకన్నా చాలా ముందే అయిపోతుంది. పాత నియమమే చెప్పే కన్సల్టెన్సీలు ఇంకా ఉన్నాయి. బీటెక్ వాళ్లకు ఈ గొడవ లేదు.

అపోహ: 'స్టడీ ఇన్ జపాన్' అంటే యూనివర్సిటీయే.

వాస్తవం: లాంగ్వేజ్ స్కూల్‌కీ స్టూడెంట్ వీసాయే, సెన్‌మోన్ గక్కో అనే వృత్తి విద్యా కళాశాలకీ స్టూడెంట్ వీసాయే. చేతిలో కాగితం చూసి 'కాలేజీ' అని మురిసిపోకండి. మాస్టర్స్‌కి పనికొచ్చేది 'దైగకు', అంటే యూనివర్సిటీ డిగ్రీ. కొన్ని నాలుగేళ్ల సెన్‌మోన్ గక్కో కోర్సులకూ ఆ అర్హత ఉంది, అన్నింటికీ లేదు. ఇంటర్ తర్వాత జపనీస్ మీడియం బ్యాచిలర్స్‌కి వెళ్లాలంటే ఏటా జూన్, నవంబర్‌లలో విదేశీ విద్యార్థులకు జరిగే ఈజేయూ ప్రవేశ పరీక్ష చూసుకోండి.

అపోహ: జపాన్ ఖరీదైన దేశం కాబట్టి ఫీజులూ మోతెక్కిపోతాయి.

వాస్తవం: నేషనల్ యూనివర్సిటీల్లో ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్‌లు. ప్రవేశ రుసుము ఒక్కసారి 2,82,000. మన రూపాయల్లో ఏడాది ఫీజు మూడు లక్షల పైచిలుకు. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటా కట్టినవాళ్లకు ఇది పెద్దగా అనిపించదు. ప్రైవేట్ యూనివర్సిటీల్లో దీనికి రెట్టింపు దాటడం మామూలే. దేశంలో ఉన్న సుమారు 800 యూనివర్సిటీల్లో నాలుగింట మూడొంతులు ప్రైవేటువే.

ఈ లెక్క ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి. టోక్యో యూనివర్సిటీ 2025లో కొత్తగా చేరే బ్యాచిలర్స్ విద్యార్థులకు ఫీజు 6,42,960 చేసింది. విదేశీ విద్యార్థుల ఫీజుపై ఉన్న పరిమితిని ప్రభుత్వం 2024లో ఎత్తేసింది. తొహోకు యూనివర్సిటీ 2027 నుంచి విదేశీయులకు 9 లక్షల యెన్‌లు చేస్తామని ప్రకటించింది. మరోవైపు ఫీజు మాఫీ ఉంది. సెమిస్టర్ సెమిస్టర్‌కీ అప్లై చేస్తే సగమో మొత్తమో తీసేసే అవకాశం ఉంది. గడువు ఒక్కరోజు దాటినా ఆఫీసువాళ్లు ఎంతో మర్యాదగా వంగి మరీ 'కుదరదు' అంటారు.

అపోహ: పార్ట్‌టైమ్ చేసి ఫీజు, ఖర్చులు, లోను ఈఎంఐ అన్నీ లాగేయొచ్చు.

వాస్తవం: కాగితం మీద వేసి చూద్దాం. స్టూడెంట్ వీసా మీద పని చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అది ఎయిర్‌పోర్ట్‌లో దిగినప్పుడే తీసుకోవచ్చు. పరిమితి వారానికి 28 గంటలు, పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటలు. టోక్యోలో 2025 అక్టోబర్ నుంచి కనీస వేతనం గంటకు 1,226 యెన్‌లు. కొన్ని ప్రిఫెక్చర్లలో (మన రాష్ట్రాల్లాంటివి) 1,023. టోక్యో రేటుతో 28 గంటలంటే వారానికి 34,328. నాలుగు వారాలకు 1,37,312. అద్దె, తిండి, ఫోన్, ఇన్సూరెన్స్ పోగా మిగిలేది చూసుకోండి. దాంట్లోంచి ఇండియాలో ఈఎంఐ కట్టడం అంటే పగటికలే.

28 గంటలంటే సోమవారం నుంచి ఆదివారం దాకా అని కూడా కాదు. ఏ రోజు నుంచి లెక్కేసినా ఏడు రోజుల్లో 28 దాటకూడదు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి. వీసా రెన్యువల్‌లో పన్ను కాగితాలు చూసి పట్టేస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, రాత్రి రెండింటిదాకా కొన్‌బినీలో (రాత్రంతా తెరిచి ఉండే చిన్న దుకాణం) బిల్లులు కొట్టి పొద్దున్నే ల్యాబ్ సెమినార్‌లో నిలబడేవాళ్ల ముఖాలు నేను రోజూ చూస్తున్నాను.

అపోహ: జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఐఐటీ టాపర్లకే. పైగా బాండ్ రాయించుకుంటారు.

వాస్తవం: బాండ్ లేదు, తిరిగి కట్టేది లేదు. ట్యూషన్ ఫీజు, విమాన టికెట్ వాళ్లదే. నెలకు మాస్టర్స్‌కి 1,44,000, పీహెచ్‌డీకి 1,45,000, బ్యాచిలర్స్‌కి 1,17,000 యెన్‌లు. రాయబార కార్యాలయం ద్వారా ఒక దారి, యూనివర్సిటీ సిఫార్సుతో ఇంకో దారి. రెండో దారికి మీ మార్కులను మూడు పాయింట్ల స్కేలుకు మారిస్తే 2.30 ఉండాలి. అక్కడిదాకా వచ్చే పిల్లలు మన కాలేజీల్లో చాలామందే ఉన్నారు. ఐఐటీ హైదరాబాద్ వాళ్లకు జపాన్‌తో అనుబంధం 2008లో సంస్థ పుట్టినప్పటి నుంచీ ఉంది కాబట్టి జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా నడిపే 'ఫ్రెండ్‌షిప్' ప్రాజెక్టు ద్వారా కొందరు వచ్చారు. అది వాళ్లకు అదనపు దారి, మీకు అడ్డం కాదు. సొంత ఖర్చుతో చేరినవాళ్లకు జాసో అనే విద్యార్థి సహాయ సంస్థ నెలకు ఇచ్చే 48,000 యెన్‌లు కూడా మర్చిపోకండి. పీహెచ్‌డీవాళ్లు ఆశపడే 'స్ప్రింగ్' అనే ప్రభుత్వ భృతిలో జీవన ఖర్చుల భాగాన్ని మాత్రం 2027 నుంచి జపాన్ పౌరులకే ఇవ్వాలని విద్యాశాఖ నిర్ణయించింది. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దు.

అపోహ: కోర్సు ఇంగ్లిష్‌లో ఉంది, ఇక జపనీస్‌తో పనేముంది?

వాస్తవం: డిగ్రీకి పని లేదు, నిజమే. మిగతా అన్నింటికీ ఉంది. నేను వచ్చిన కొత్తలో పెన్షన్ ఆఫీసు నుంచి కవరొచ్చింది. ప్రకటన అనుకుని మూడు నెలలు సొరుగులో పడేశాను. 20 ఏళ్లు దాటినవాళ్లంతా జాతీయ పెన్షన్ కట్టాలి, 2025లో అది నెలకు 17,510. విద్యార్థులు ఒక ఫారం నింపితే వాయిదా వేస్తారు. ఆ కవర్లో ఉన్నది ఆ ఫారమే.

ఉద్యోగం సంగతికొస్తే ఇంకా కష్టం. ఇక్కడ చదువయ్యాక వెతుక్కోరు, చదువుతుండగానే వెతుక్కుంటారు. దాన్ని 'షూకత్సు' అంటారు. చివరి ఏడాదికి ముందు మార్చి 1న కంపెనీలు సమాచారం ఇవ్వడం, జూన్ 1న ఎంపికలు, అక్టోబర్ 1న ఆఫర్లు అన్నది అధికారిక క్యాలెండర్. అసలు ఆట అంతకుముందు వేసవి ఇంటర్న్‌షిప్‌లతోనే మొదలైపోతుంది. రెండేళ్ల మాస్టర్స్‌కి ఏప్రిల్‌లో వచ్చినవాళ్లు అదే వేసవికి ఇంటర్న్‌షిప్ అప్లికేషన్ పెట్టాలి. చాలా కంపెనీలు ఎన్2 స్థాయి భాష అడుగుతాయి (జపనీస్ పరీక్షలో ఎన్5 మొదటి మెట్టు, ఎన్1 చివరిది). సున్నా నుంచి మొదలుపెట్టినవాళ్లకు టైమ్ ఎక్కడుంది? హైదరాబాద్‌లో ఉన్నప్పుడే ఎన్4 దాకా లాక్కొస్తే ఇక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు. చదువయ్యాక కూడా ఉద్యోగం వెతకడానికి ఆరు నెలల వీసా ఇస్తారు, మరో ఆరు నెలలు పొడిగించవచ్చు.

కంపెనీ ఫారంలో తప్పకుండా అడిగేది ఒకటుంది: విద్యార్థిగా ఉండగా మీరు అన్నిటికన్నా ఎక్కువ శ్రమపడి చేసిన పని ఏమిటి? పిల్లలు ముద్దుగా 'గాకుచికా' అంటారు. మా ల్యాబ్‌లో ఉన్న విజయవాడ అబ్బాయి మొదట సీజీపీఏ, గోల్డ్ మెడల్ రాశాడు. ఆరు కంపెనీలు కాదన్నాయి. ఏడో ఫారం నేను పక్కన కూర్చుని రాయించాను. బెంటో (డబ్బా భోజనం) ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్ట్, భాష రాని నలుగురు కొత్త కుర్రాళ్లు, మూతలు తప్పుగా పెట్టకుండా వాళ్లకోసం ఇతను బొమ్మలు గీసి గోడకు అంటించిన కాగితం. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఆ కాగితం గురించే అడిగారట.