అమ్మిన ఆటగాణ్ని మళ్ళీ కొనడం: బై-బ్యాక్, ఫస్ట్ రిఫ్యూజల్ క్లాజులపై అపోహలు - వాస్తవాలు

ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ళను కొనే, అమ్మే గడువు, అంటే ట్రాన్స్‌ఫర్ విండో తెరిస్తే చాలు, "వాళ్ళకి బై-బ్యాక్ ఉందిలే, కావాలంటే రేపే తెచ్చుకుంటారు" అనే మాట ఎక్కడో ఒకచోట వినబడుతుంది. బై-బ్యాక్ అంటే అమ్మిన ఆటగాణ్ని ముందే రాసుకున్న ధరకు తిరిగి కొనే హక్కు. క్లబ్బుల తరఫున ఈ ఒప్పందాలు రాయడం, అవతలివాళ్ళు రాసి పంపినవాటిలో తప్పులు పట్టడం నా పని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మూడు ప్రశ్నలు అడగాలనిపిస్తుంది. ఎంతకి? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? ఎవరికి, ఎలా తెలియజేయాలి? ఈ మూడింటికీ జవాబు తెలియకపోతే క్లాజు గురించి ఏమీ తెలియనట్టే.

ఈ ఒప్పందాలను క్లబ్బులు సాధారణంగా బయటపెట్టవు. అందుకే కింద నేను చెప్పే అంకెలన్నీ పత్రికల్లో విస్తృతంగా వచ్చినవే, నా బల్ల మీదివి కావు.

అపోహ: బై-బ్యాక్ పెట్టి అమ్మితే ఆటగాడు ఇంకా సగం పాత క్లబ్బువాడే.

వాస్తవం: సంతకాలైన రోజు నుంచి అతను పూర్తిగా కొత్త క్లబ్బువాడు. జీతం వాళ్ళదే, రిజిస్ట్రేషన్ వాళ్ళదే, ఎక్కడ ఆడించాలో నిర్ణయించేదీ వాళ్ళే. పాత క్లబ్బు చేతిలో మిగిలేది ఒక ధర, ఒక గడువు, అంతే.

దీనికి మొరాటా కథను మించిన ఉదాహరణ లేదు. రియల్ మాడ్రిడ్ అల్వారో మొరాటాను 2014లో 2 కోట్ల యూరోలకు జువెంటస్‌కు అమ్మింది, తిరిగి కొనే హక్కు అట్టిపెట్టుకుంది. మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో ఈ రెండు క్లబ్బులే తలపడ్డాయి. టురిన్‌లో జరిగిన మ్యాచ్‌లో మొరాటా గోల్ కొట్టాడు, మాడ్రిడ్‌లో జరిగిన మ్యాచ్‌లోనూ కొట్టాడు. రియల్ ఇంటికి, జువెంటస్ ఫైనల్‌కి. బై-బ్యాక్ హక్కు రియల్ దగ్గరే ఉంది, అయినా తమ గోల్‌లో పడ్డ బంతిని అది ఆపలేదుగా. 2016లో 3 కోట్ల యూరోలు కట్టి అతన్ని వెనక్కి తెచ్చుకున్నారు. మరుసటి వేసవిలోనే దాదాపు 6 కోట్ల పౌండ్లకు చెల్సీకి అమ్మేశారు. క్లాజు విలువ ఎక్కడుందో అక్కడ తెలిసింది: మార్కెట్ ధర పెరిగాక కూడా పాత రేటుకే కొనగలగడంలో.

అపోహ: డబ్బు కట్టేస్తే ఆటగాడు రావాల్సిందే.

వాస్తవం: క్లబ్బుల మధ్య ఒప్పందం వేరు, ఆటగాడి ఉద్యోగ ఒప్పందం వేరు. మొదటిది అమ్మే క్లబ్బు నోరు మూయిస్తుంది, రెండోదానికి ఆటగాడి సంతకం కావాలి. "రాను" అన్నాడా, బై-బ్యాక్ కాగితం కాగితంగానే ఉండిపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు మొదటి అమ్మకం రోజే ఆటగాణ్ని కూడా కూర్చోబెట్టి, తిరిగొస్తే జీతం ఎంత, ఎన్నేళ్ళు అన్నది ముందే ఒప్పించి సంతకం తీసుకుంటారు. అదీ పూర్తి భరోసా కాదు. ఇరవై ఏళ్ళప్పుడు ఒప్పుకున్న జీతం, రెండు సీజన్లు బాగా ఆడినవాడికి చిన్నదిగానే కనిపిస్తుంది. అప్పుడు ఏజెంట్ ఫోన్ చేసే గొంతే మారిపోతుంది.

అపోహ: ఆ హక్కు ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడుకోవచ్చు.

వాస్తవం: దాదాపు ప్రతి బై-బ్యాక్‌కీ తెరుచుకునే తేదీ, మూసుకునే తేదీ ఉంటాయి. సరిగ్గా ఇక్కడే పెద్ద పెద్ద క్లబ్బులు కూడా చేతులు కాల్చుకుంటాయి.

రోమియో లావియా సంగతి చూడండి. మాంచెస్టర్ సిటీ అతన్ని 2022లో సౌతాంప్టన్‌కు అమ్మింది. 4 కోట్ల పౌండ్లకు తిరిగి కొనుక్కోవచ్చని రాసుకుంది, కానీ ఆ హక్కు తెరుచుకునేది 2024 వేసవిలో. సౌతాంప్టన్ 2023లోనే ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు పడిపోయింది. కిందికి పడ్డ క్లబ్బు మంచి ఆటగాణ్ని ఎన్నాళ్ళు పట్టుకుని కూర్చుంటుంది? ఆ ఆగస్టులోనే అతను చెల్సీకి వెళ్ళాడు, 5 కోట్ల పౌండ్లు దాటిన ధరకు. బై-బ్యాక్ ఇంకా నిద్రలోనే ఉంది. అమ్మకం మీద వాటా తీసుకునే సెల్-ఆన్ క్లాజు కూడా రాసుకున్నారు కాబట్టి సిటీకి డబ్బయినా వచ్చింది. ఈ రెండు క్లాజులూ జంటగా కనిపించేది ఇందుకే.

ఇక్కడ ఇంకో సూక్ష్మం. మధ్యలో మూడో క్లబ్బు కొనుక్కుంటే పాత బై-బ్యాక్ ఆటగాడి వెంట దానంతటది వెళ్ళదు. ఒప్పందం సంతకం పెట్టినవాళ్ళనే కట్టిపడేస్తుంది, మూడో క్లబ్బు సంతకం అందులో లేదు. ఆటగాడి కాంట్రాక్ట్ ముగిసినా అంతే. 1995లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన బాస్మన్ తీర్పు తర్వాత, కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడికి ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టనక్కర్లేదు. చివరి ఆరు నెలల్లో అతను వేరే క్లబ్బుతో ముందస్తు ఒప్పందం కూడా చేసుకోవచ్చు. నాలుగేళ్ళ కాంట్రాక్ట్‌కి, అది ముగిసే వేసవిలో తెరుచుకునే బై-బ్యాక్ రాయడమంటే చెల్లని చెక్కు చేతికిచ్చినట్టే. అలాంటి డ్రాఫ్టులు నేను చూశాను, ఒకటి కాదు.

అపోహ: బై-బ్యాక్, రిలీజ్ క్లాజ్ రెండూ ఒకటే.

వాస్తవం: రిలీజ్ క్లాజ్ అంటే ఫలానా మొత్తం కడితే ఆటగాణ్ని వదిలేయాలనే షరతు. అది ఆటగాడికీ అతని క్లబ్బుకీ మధ్య ఉండేది, సాధారణంగా ఆ డబ్బు ఏ క్లబ్బు తెచ్చినా చెల్లుతుంది. 2017లో నెయ్‌మార్ బార్సిలోనా వదిలింది అలాగే, 22.2 కోట్ల యూరోలకు. బై-బ్యాక్ ఒక్క పాత క్లబ్బుకే చెందినది.

అపోహ: ఫస్ట్ రిఫ్యూజల్ అంటే చిన్న సైజు బై-బ్యాక్.

వాస్తవం: నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే అపోహ ఇది. ఫస్ట్ రిఫ్యూజల్ అంటే వేరేవాళ్ళకి అమ్మేముందు మొదట తమనే అడగాలనే హక్కు. బై-బ్యాక్‌లో ధర ముందే తేలిపోతుంది, అడిగే హక్కు పాత క్లబ్బుది. ఫస్ట్ రిఫ్యూజల్‌లో ధర ఎవరికీ తెలియదు, దాన్ని నిర్ణయించేది బయటి నుంచి వచ్చే మూడో క్లబ్బు. కొత్త క్లబ్బు అసలు అమ్మదలచుకోకపోతే ఆ హక్కు నిద్ర లేవదు. అమ్మడానికి సిద్ధపడి, బయటి ఆఫర్ ఒకటి వచ్చాక, "ఇదిగో ఈ ధర వచ్చింది, మీరిస్తారా?" అని పాత క్లబ్బును అడగాలి. అంతవరకే బాధ్యత.

2018లో మరియానో దియాస్ విషయంలో జరిగింది ఇదే. రియల్ మాడ్రిడ్ అంతకు ఏడాది ముందు అతన్ని లియోన్‌కు అమ్మింది. అతను బాగా ఆడాడు, సెవియా కొనడానికి సిద్ధమైంది, బేరం దాదాపు కుదిరింది. అప్పుడు రియల్ ముందుకొచ్చి తన ప్రాధాన్య హక్కు వాడుకుంది. ఆగస్టు చివర్లో మరియానో వెళ్ళింది సెవియాకు కాదు, మాడ్రిడ్‌కు. వారాల తరబడి బేరమాడి ధర తేల్చింది సెవియా, ఆటగాణ్ని తీసుకెళ్ళింది రియల్. వండింది ఒకరు, విస్తరి ముందు కూర్చున్నది ఇంకొకరు.

అందుకే ఫస్ట్ రిఫ్యూజల్ ఉన్న ఆటగాడి కోసం కొన్ని క్లబ్బులు అసలు ఆఫరే పెట్టవు. తమ స్కౌట్ల కష్టం, తమ వకీళ్ళ గంటలు పక్కవాడికి ధర తేల్చిపెట్టడానికా అంటారు. అమ్మే క్లబ్బు ఈ నష్టాన్ని ముందే లెక్క వేసుకోవాలి, చాలామంది వేసుకోరు.

ఇక అసలు తలనొప్పి, "సమానమైన ఆఫర్" అనే మాట. ఊరికే ఊహించుకోండి. ఒక క్లబ్బు 2 కోట్ల యూరోలు మూడు వాయిదాల్లో ఇస్తానంది. తాము ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధిస్తే ఇంకో 30 లక్షలు అంది. పైగా ఒక యువ డిఫెండర్‌ను కూడా ఇస్తానంది. పాత క్లబ్బు దీనితో ఎలా సమానం కావాలి? ఏటా ఛాంపియన్స్ లీగ్ ఆడే క్లబ్బు ఇచ్చే 30 లక్షల మాట దాదాపు నగదే. పట్టికలో పదో స్థానంలో ఉండే క్లబ్బు అదే మాట ఇస్తే అది గాలిలో దీపం. ఆ డిఫెండర్ లాంటి ఇంకొక డిఫెండర్ ఈ క్లబ్బు దగ్గర ఎక్కడ దొరుకుతాడు? "అవే షరతులకు సమానంగా" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఈ ప్రశ్నలన్నీ తర్వాత వకీళ్ళకి మేత. నేనైతే ఆటగాళ్ళ మార్పిడి విలువను డబ్బులో ఎలా లెక్కించాలి, బోనస్‌లో ఎంత శాతం లెక్కలోకి తీసుకోవాలి అన్నది అక్కడే రాయిస్తాను. అవతలివాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

అపోహ: పెద్ద క్లబ్బులు చిన్న క్లబ్బుల్ని పిండుకోవడానికే బై-బ్యాక్.

వాస్తవం: చిన్న క్లబ్బు ఊరికే ఒప్పుకోదు. తన స్థాయికి అందని ఆటగాడు తక్కువ ధరకు దొరుకుతాడు, తిరిగి ఇస్తే ఖచ్చితమైన లాభం. డాని కార్వహాల్‌ను లెవర్కూసెన్ రియల్ మాడ్రిడ్ దగ్గర 50 లక్షల యూరోలకు కొని, ఒక సీజన్ ఆడించుకుని, 65 లక్షలకు తిరిగిచ్చింది. లాభం చిన్నదే, కానీ ఏడాది పాటు మంచి రైట్ బ్యాక్ ఆడాడు. పాత క్లబ్బు ఆ హక్కు వాడుకోకపోయినా చిన్న క్లబ్బుకు నష్టమేమీ లేదు. నేథన్ అకేను చెల్సీ 2017లో సుమారు 2 కోట్ల పౌండ్లకు బోర్న్‌మత్‌కు అమ్మింది, 4 కోట్లకు బై-బ్యాక్ పెట్టుకుంది. 2020లో చెల్సీ కదల్లేదు. దాదాపు అంతే ధరకు మాంచెస్టర్ సిటీ తీసుకెళ్ళింది.

మరి కొంతకాలానికి అరువుగా, అంటే లోన్ మీద ఇవ్వొచ్చుగా, అమ్మడం ఎందుకు అంటారా? అకాడమీలో పెరిగిన ఆటగాడికి లెక్కల పుస్తకాల్లో కొనుగోలు ఖర్చు లేదు. అమ్మితే వచ్చేదంతా ఆ ఏడాది లాభమే. లోన్లకు ఫీఫా 2022 నుంచి పరిమితులు కూడా పెట్టింది. 21 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసు వాళ్ళు, సొంత అకాడమీ వాళ్ళు మినహా, ఇప్పుడు ఒక క్లబ్బు అంతర్జాతీయంగా ఆరుగురినే లోన్‌కు ఇవ్వగలదు.

అపోహ: ఇద్దరూ ఒప్పుకుంటే క్లాజులో ఏదైనా రాసుకోవచ్చు.

వాస్తవం: ఫీఫా ట్రాన్స్‌ఫర్ నిబంధనల్లో 18 బిస్ అనే ఆర్టికల్ ఉంది. ఆటగాళ్ళ విషయంలో, బదిలీల విషయంలో ఒక క్లబ్బు స్వతంత్రతను ప్రభావితం చేసే శక్తి ఇంకొకరికి ఇవ్వకూడదంటుంది. "ఫలానా క్లబ్బుకు అమ్మకూడదు", "మా అనుమతి లేకుండా అమ్మకూడదు" లాంటి వాక్యాలు చూడగానే నేను ఎర్ర పెన్ను తీస్తాను. ఆర్సెనల్ లాంటి క్లబ్బే దీనికి దొరికిపోయింది. అమ్మిన ఇద్దరు ఆటగాళ్ళ సెల్-ఆన్ శాతం, వాళ్ళు తర్వాత ఏ దేశపు క్లబ్బుకు వెళ్తారన్నదాన్ని బట్టి మారేలా రాసుకున్నందుకు 40,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా పడింది. ఆ క్లబ్బుకు ఆ సొమ్ము ఒక లెక్క కాదు, కానీ పేరు బయటికొచ్చింది.

అపోహ: హక్కు వాడుకుంటున్నామని చెప్పేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: చెప్పడం ఎలా అన్నదే సగం పని. వృత్తిలో కొత్తగా ఉన్నప్పుడు నేను రాసిన ఒక ఫస్ట్ రిఫ్యూజల్ క్లాజులో "నోటీసు అందిన ఐదు రోజుల్లోగా" అని పెట్టాను. అంతకు మించి ఏమీ రాయలేదు. రెండేళ్ళ తర్వాత శుక్రవారం రాత్రి నోటీసు వెళ్ళింది, పాత క్లబ్బులో ఎప్పుడో రాజీనామా చేసిన డైరెక్టర్ ఈమెయిల్‌కి. బుధవారం దాకా ఎవరూ తెరవలేదు. క్లబ్బువాళ్ళకి సంగతి తెలిసింది ఆటగాడు కొత్త జెర్సీ పట్టుకుని నిలబడ్డ ఫోటో చూసి. అందడం అంటే ఇన్‌బాక్స్‌లో పడటమా, చదవడమా? ఐదు రోజుల్లో శని, ఆదివారాలు కలుస్తాయా? నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి ఇరుపక్షాలూ ఏదో ఒక మొత్తానికి రాజీపడ్డాయి, ఆటగాడు మాత్రం వెళ్ళిపోయాడు. ఇప్పుడు నా డ్రాఫ్టుల్లో నోటీసు పేరా ధర పేరా కంటే పొడవుగా ఉంటుంది. పదవి పేరు మీద ఉన్న రెండు ఈమెయిల్ చిరునామాలు, ఏ దేశపు సమయం, ఎన్ని పని దినాలు, విండో మూసే ముందు చివరి మూడు రోజుల్లో అయితే ఎన్ని గంటలు, అన్నీ అందులోనే. 2017లో లీస్టర్ సిటీ అడ్రియెన్ సిల్వా రిజిస్ట్రేషన్‌లో 14 సెకన్లు ఆలస్యమైతే, అతను జనవరి దాకా మైదానంలో అడుగు పెట్టలేకపోయాడు. అందుకే గంటలు కూడా రాస్తాను.